ఎడిసన్ నుండి కడలి ఒడ్డుకు – ఒకనాటి విహారం, నాలుగు శతాబ్దాల కథ

వేసవి వచ్చిందంటే ఎడిసన్, ఐస్లిన్, పిస్కాటవే ప్రాంతాల తెలుగు కుటుంబాలు శనివారంనాడు సముద్రపు ఒడ్డుకు ప్రయాణం కట్టటం ఆనవాయితీ అయిపోయింది. పులిహోర ఒక గిన్నెలో, పెరుగన్నం మరొక గిన్నెలో, ఆవకాయ జాడీ విడిగా, పిల్లలకు ఈత దుస్తులు, పెద్దలకు గొడుగులు, మడత కుర్చీలు – ఇవన్నీ కారులో సర్దుకొని గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కితే దారి బాగుంటే గంటలోపు శాండీ హుక్ చేరుకోవచ్చు. ఓపిక వున్నవారు ఆ రాత్రికి గుడారం వేసుకొని మరునాడు తిరిగివస్తారు. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్ళే అలవాటున్న జాతి మనది. కనుక ఈ విహారం మనకు కొత్త అనిపించదు. ఉసిరిచెట్టు నీడ లేదన్న లోటు తప్ప తక్కిన సందడి అంతా అదే.

అయితే ఈ తీరానికి వున్న చరిత్రను మనలో పలువురు అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు, వారి పిల్లలకు బందరు, భీమిలి, అంతర్వేది మనం చెప్పే కథలలోని ఊళ్ళు. వారు కాళ్ళు తడుపుకొన్న మొదటి సముద్రం ఇదే. ఈ ఒడ్డు ఎవరిది, ఇందులో మన వాటా ఎంత అని ఏదో ఒకనాడు వారు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వున్నది. దానిలో ముఖ్యమైన ఘట్టం ఒకటి మన ఎడిసన్ పక్కనుండి పారే నదిలోనే జరిగింది. ఆ సంగతులను ఒక్కరోజు ప్రయాణపు దారి వెంట, మజిలీ మజిలీగా, ఈ వ్యాసంలో చెప్పదలచుకొన్నాము.

మన ఊరు – మన ఏరు

ఎడిసన్‌కు ఆ పేరు 1954లో వచ్చింది. అంతకు పూర్వం దీని పేరు రారిటన్ టౌన్‌షిప్. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో ఇక్కడి మెన్లో పార్కులో తన ప్రయోగశాల నెలకొల్పి, 1877లో ఫోనోగ్రాఫును, 1879లో విద్యుద్దీపాన్ని లోకానికి అందించాడు. ఆ స్థలంలో 1938లో ఆవిష్కరించిన స్మారక గోపురం నేటికీ మనం రోజూ చూస్తూనే వున్నాం. ఊరి పేరు మారినా పాత పేరు నదికి మిగిలిపోయింది. రారిటన్ అనేది ఇక్కడి ఆదివాసులైన లెనాపీ జాతివారిలో ఒక తెగను పిలిచే పేరు.

ఎడిసన్‌కు సముద్రం లేదు. కాని సముద్రపు పోటు ఎడిసన్‌ను తాకుతుంది. రారిటన్ నదిలో పోటునీరు ఎదురెక్కి న్యూ బ్రన్స్‌విక్ దాకా వస్తుంది. గోదావరి పాయల మీద పుట్టి పెరిగినవారికి ఇది వింతగా తోచదు. మన ఊరి దక్షిణపు అంచున, పూర్వం సైన్యపు మందుగుండు డిపోగా వుండి ఇప్పుడు గిడ్డంగులతో నిండిన రారిటన్ సెంటర్ దగ్గర నిలబడి చూస్తే, పాటు సమయంలో ఉప్పు పర్రలు బయటపడటం కనిపిస్తుంది. నది అక్కడినుండి పెర్త్ ఆంబాయ్ వద్ద అఖాతంలో కలుస్తుంది. ఆ రారిటన్ అఖాతానికి ఎడమవైపు స్టాటెన్ ఐలాండ్, కుడివైపు మన్‌మత్ కౌంటీ. అఖాతపు వాకిట్లో కొంకిలాగా వంగి ఉత్తరానికి సాగిన ఇసుక తిప్పే శాండీ హుక్. అంటే మనం కారులో వెళ్ళే దారి, మన ఏరు సముద్రానికి వెళ్ళే దారి ఒకటేనన్నమాట.

తొలి విడిది

ఈ తీరాన మొట్టమొదట విడిది చేసినవారు లెనాపీలు. శీతకాలం లోపలి ప్రాంతాల్లో గడిపి, ఎండలు ముదిరే వేళకు వారు కుటుంబాలతో సహా సముద్రం దగ్గరికి దిగివచ్చేవారు. చేపలు పట్టటం, ఆల్చిప్పలు, గుల్లలు ఏరి ఎండబెట్టుకోవటం, చిప్పల నుండి పూసలు చేయటం వారి వేసవి పనులు. నేడు వేసవి సెలవులకు ‘షోర్’కు వెళ్ళే న్యూజెర్సీ జనం తమకు తెలియకుండానే ఆ పాత అలవాటును కొనసాగిస్తున్నారు.

1609 సెప్టెంబరు మొదటి వారంలో ‘హాఫ్ మూన్’ అనే ఓడ శాండీ హుక్ దగ్గర లంగరు వేసింది. దాని నాయకుడు హెన్రీ హడ్సన్. ఆంగ్లేయుడే అయినా అతనికి జీతమిచ్చి పంపినది డచ్చి ఈస్టిండియా కంపెనీ. ఒడ్డున వున్నవారు ఓడ మీదికి వచ్చి పచ్చి పొగాకు ఇచ్చి కత్తులు, పూసలు తీసుకొన్నారని ఓడలోని అధికారి రాబర్ట్ జూయెట్ తన దినచర్యలో రాశాడు. ఆ స్నేహం మూడునాళ్ళయినా నిలవలేదు. సెప్టెంబరు 6న ఓడవారి పడవకు, లెనాపీల దోనెలకు మధ్య జరిగిన పోరులో జాన్ కోల్మన్ అనే నావికుడు గొంతులో బాణం తగిలి మరణించాడు. అతనిని ఈ తీరానే పాతిపెట్టారు.

ఇక్కడ మన తెలుగువారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి వున్నది. హడ్సన్ వెతుకుతూ వచ్చినది అమెరికాను కాదు. తూర్పు దేశాలకు దగ్గరి దారిని. అతనిని పంపిన కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1606 నాటికి, గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో మచిలీపట్నంలో వర్తకం స్థిరపరచుకొన్నది. మన తీరపు అద్దకం బట్టలు, నేత బట్టలు తీసుకుపోయి, వాటిని మారకంగా ఇచ్చి తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యాలు కొనటం వారి వ్యాపార రహస్యం. ఆనాటి డచ్చివారి సమాధులు బందరులో నేటికీ వున్నవి. బందరు రేవులో మూటలు కట్టించిన కంపెనీయే ఈ తీరాన ఆ సమాధి తవ్వటానికీ కారణమయింది. మన పిల్లలకు ఈ రెండు తీరాలు ఒకదానికొకటి సంబంధంలేనివి అనిపిస్తే, ఈ కథ చెప్పవచ్చు. అటు దారి వెతుకుతూ ఇటు వచ్చినవాడు హడ్సన్. నాలుగు వందల ఏళ్ళ తరువాత అటునుండి ఇటు వచ్చినవారం మనం.

ఆల్చిప్పల వ్యాజ్యం

ఇంగ్లీషువారు 1664లో డచ్చివారి వలసను స్వాధీనం చేసుకొన్నారు. రాజు రెండవ ఛార్లెస్ ఈ భూభాగాన్ని తన తమ్ముడికి ధారాదత్తం చేస్తే, ఆయన తన ఆశ్రితులకు పంచి ఇచ్చాడు. అప్పటికి ఇక్కడ నివసిస్తున్న లెనాపీలను దీని విషయమై ఎవరూ సంప్రదించలేదు. తరువాతి కాలంలో ఆస్తి హక్కులన్నీ ఆ దానపత్రాల నుండే పుట్టుకొచ్చాయి.

పెర్త్ ఆంబాయ్ దగ్గర రారిటన్ ఒడ్డున రాబర్ట్ ఆర్నాల్డ్ అనే ఆసామికి పొలం వుండేది. తన పొలానికి ఎదురుగా నది అడుగున ఆల్చిప్పలు నాటి, చుట్టూ గుంజలు పాతి, అది తన సొంతమన్నాడు. నది అందరిదీ అంటూ బెనాజా మండీ అనే ఆయన మరికొందరితో కలిసి పడవలు వేసుకువచ్చి ఆ చిప్పలు ఏరుకుపోయాడు. వ్యాజ్యం న్యూజెర్సీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1821లో ప్రధాన న్యాయమూర్తి ఆండ్రూ కిర్క్‌ప్యాట్రిక్ ఇచ్చిన తీర్పు మండీ పక్షాన నిలిచింది. పోటునీరు పారే నదులు, సముద్రపు నీరు, వాటి అడుగు నేల ఏ ఒక్కరి సొత్తూ కావనీ, రాజు వాటిని ప్రజల తరఫున కాపాడేవాడు మాత్రమేననీ, విప్లవం తరువాత ఆ బాధ్యత న్యూజెర్సీ ప్రజలకు సంక్రమించిందనీ, శాసనసభ సైతం వాటిని జనానికి పూర్తిగా దక్కకుండా చేయజాలదనీ ఆ తీర్పు సారాంశం. అదే రారిటన్ నీళ్ళలోని ఆల్చిప్పల విషయమై మరొక తగాదా రేగగా, 1842లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇదే సూత్రాన్ని సమర్థించింది.

మన గుడి మాన్యాలకు ధర్మకర్త ఎటువంటివాడో ఒడ్డుకు ప్రభుత్వం అటువంటిది. ధర్మకర్త మాన్యాన్ని కౌలుకు ఇవ్వవచ్చు, కంచె వేయించవచ్చు, కాపలా పెట్టవచ్చు. దేవుడి భూమిని తన సొంతానికి అమ్ముకోరాదు. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రతీరం అందరివీ అని 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి క్రోడీకరింపజేసిన రోమను ధర్మశాస్త్రమే ఈ భావానికి మూలం. ఆ పాత ధర్మం అమెరికా గడ్డమీద వేళ్ళూనినది మన ఎడిసన్ నుండి నాలుగైదు మైళ్ళ దూరాన వున్న బురదలో. ఈ సూత్రం తరువాత మన దేశానికీ చేరింది. 1996 డిసెంబరులో భారత సుప్రీంకోర్టు బియాస్ నది ఒడ్డు కేసులో అమెరికా తీర్పులను పరిశీలించి, ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త అన్న న్యాయం భారతదేశంలోనూ చెల్లుతుందని ప్రకటించింది.

న్యాయం అందరికీ ఒకేసారి అందలేదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. న్యూజెర్సీలో మిగిలిన లెనాపీలకు 1758లో బ్రదర్‌టన్ అనే చోట కొద్దిపాటి నేల కేటాయించారు. 1800 దాటిన కొద్ది కాలానికే ఆ నేలనూ అమ్మివేసి వారు న్యూయార్కు రాష్ట్రానికి తరలిపోయారు. వారిలో ప్రిన్స్‌టన్‌లో చదువుకొన్న బార్తొలొమ్యూ కాల్విన్ అనే వృద్ధుడు 1832లో న్యూజెర్సీ శాసనసభకు ఒక విన్నపం పంపుకొన్నాడు. నేల అమ్మినా, వేటకూ చేపలు పట్టటానికీ తమకున్న హక్కును తాము ఏనాడూ అమ్ముకోలేదని ఆయన వాదన. శాసనసభ ఆ మాటను మన్నించి 2,000 డాలర్లు ఇచ్చింది. నీరు అందరిదీ అని న్యాయస్థానం చెప్పిన పదకొండేళ్ళకు, ఆ నీటిలో మొదట వల వేసినవారి లెక్క ఆ మొత్తంతో తేలిపోయింది. నేడు వారి సంతతివారిలో ఎక్కువమంది ఓక్లహోమాలో వున్నారు.

దీపస్తంభం, ప్రాణదాతలైన పడవలు

పెర్త్ ఆంబాయ్ దాటి 36వ నెంబరు రోడ్డు మీద తూర్పుగా వెళ్తే హైలాండ్స్ కొండ వస్తుంది. కొండమీద జంట దీపస్తంభాలు, క్రింద వంతెన, వంతెన అవతల శాండీ హుక్. ఇక్కడి దీపస్తంభం 1764లో వెలిగింది. ఓడలు ఇసుకలో కూరుకుపోయి నష్టపోతున్న న్యూయార్కు వర్తకులు లాటరీలు నడిపి సమకూర్చిన సొమ్ముతో దానిని కట్టించారు. ఎనిమిది పలకలతో, 103 అడుగుల ఎత్తున్న ఆ స్తంభం ఈ దేశంలో నేటికీ వెలుగుతున్న దీపస్తంభాలన్నిటిలోకీ పాతది. కట్టిననాడు అది ఇసుక తిప్ప కొసకు సుమారు 500 అడుగుల దూరంలో వుండేది. దక్షిణం నుండి అలలు ఇసుకను మోసుకువచ్చి కొస దగ్గర పోస్తూ వుండటంచేత ఇప్పుడు కొస మైలున్నర దూరం జరిగింది. స్తంభం కదలలేదు, నేలే దానిని దాటిపోయింది. పిల్లలను అక్కడ నిలబెట్టి ఈ ఒక్క సంగతి చెబితే చాలు, సముద్రం చేసే పని ఏమిటో వారికి బోధపడుతుంది.

స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఈ తిప్ప ఇంగ్లీషువారి చేతిలో వుండేది. 1778 జూన్‌లో మన్‌మత్ యుద్ధం తరువాత వారి సైన్యం ఇక్కడినుండే ఓడలెక్కి న్యూయార్కు చేరింది. ఈ ప్రాంతంలో బానిసగా వుండి 1775లో పారిపోయిన టైటస్ అనే నల్లజాతి యువకుడు ‘కల్నల్ టై’ అన్న పేరుతో ఇంగ్లీషువారి పక్షాన పోరాడినదీ ఇక్కడినుండే. స్వేచ్ఛ కోసం పోరాడామని చెప్పుకొనే దేశంలో, స్వేచ్ఛ కోసమే ఎదుటి పక్షం చేరవలసివచ్చిన మనిషి అతను. తరువాత 1895లో ఫోర్ట్ హాన్‌కాక్ అనే సైనిక స్థావరం వెలసింది. 1974లో సైన్యం వెళ్ళిపోగా అధికారులు నివసించిన పసుపు ఇటుకల ఇళ్ళు వరుసగా అఖాతం వైపు చూస్తూ నిలిచి వున్నవి.

ఇక్కడ మనవంటి వలసవారు తప్పక తెలుసుకోవలసిన కథ మరొకటి వున్నది. విలియం న్యూయెల్ అనే న్యూజెర్సీ వైద్యుడు 1839లో ఒక ఓడ ఒడ్డుకు అతి దగ్గరలో పగిలిపోయి, అందులోని నావికులు కళ్ళెదుటే మునిగిపోవటం చూశాడు. తరువాత కాంగ్రెసు సభ్యుడై 1848లో 10,000 డాలర్లు మంజూరు చేయించి, శాండీ హుక్ నుండి దక్షిణంగా తీరం పొడవునా రక్షణ పడవలు, తాళ్ళు, మోర్టార్లు పెట్టించాడు. 1850 జనవరిలో మంచు తుపానులో ‘ఎయిర్‌షైర్’ అనే ఓడ స్క్వాన్ బీచి దగ్గర ఇసుకలో చిక్కుకొన్నది. అందులో వున్నవారిలో అత్యధికులు బ్రతుకుతెరువు వెతుక్కొంటూ సముద్రం దాటి వచ్చిన వలసదారులు. ఒడ్డునున్నవారు మోర్టారుతో ఓడమీదికి తాడు విసిరి, ఆ తాటికి మూత వున్న ఒక ఇనుప పడవను వేలాడదీసి, కొద్దికొద్దిమందిని అందులో కూర్చోబెట్టి అలల మీదుగా లాగారు. 202 మందిలో 201 మంది ప్రాణాలతో బయటపడ్డారు. పడవను బయటినుండి పట్టుకొని రాబోయిన ఒకే ఒక్కడు అలల పాలయ్యాడు. ఒడ్డున తాడు లాగినవారికి ఆ ఓడలో ఎవరున్నారో, ఏ భాష మాట్లాడతారో, ఏ మతమో తెలియదు. ఆనాటి రక్షణ కేంద్రాలలో ఒకటైన చిన్న చెక్క గుడిసె జంట దీపస్తంభాల ఆవరణలో భద్రపరిచి వున్నది.

గుడారాల ఊరు

మధ్యాహ్నం భోజనాలయ్యాక దక్షిణంగా అరగంట వెళితే ఓషన్ గ్రోవ్ వస్తుంది. సముద్రపు ఒడ్డున గుడారాలు వేసుకొనే ముచ్చటకు ఈ రాష్ట్రంలో అంతకు మించిన సాక్ష్యం లేదు. 1869 వేసవిలో మెథడిస్టు క్రైస్తవులు కొందరు కుటుంబాలతో వచ్చి ఇక్కడ గుడారాలు వేసుకొని ప్రార్థనలు జరుపుకొన్నారు. చల్లగాలికి చల్లగాలి, పుణ్యానికి పుణ్యం. మరుసటి ఏడు వారి సంఘానికి రాష్ట్రం నుండి అధికార పత్రం లభించింది. 1894లో వేలమంది కూర్చోగల చెక్క సభామందిరం లేచింది. వెనుక చిన్న చెక్క గది, ముందు గుడ్డ గుడారం, అరుగు మీద పూలకుండీలు – ఇటువంటివి వందకు పైగా నేటికీ ప్రతి వేసవిలో ఆ మందిరం చుట్టూ వెలుస్తాయి. కొన్ని కుటుంబాలు తరతరాలుగా అదే గుడారానికి వస్తున్నాయి.

మన పెద్దలకు ఇది చూడగానే అంతర్వేది తీర్థం గుర్తుకువస్తుంది. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి కోనసీమ పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుకలో విడిది చేసి, స్నానం చేసి, మరునాడు తిరిగిపోయేవారు. మంగినపూడిలో కార్తీక పౌర్ణమి స్నానాలూ అటువంటివే. దేవుడిని చూడటానికో సముద్రాన్ని చూడటానికో తేల్చిచెప్పలేని ప్రయాణాలు అవి. ఆ రెండూ వేరుచేయకుండా వుండటంలోనే వాటి అందం వున్నది. ఓషన్ గ్రోవ్ వారికీ మనకూ ఆ విషయంలో బంధుత్వం కుదురుతుంది.

బీచి బిళ్ళ కథ

ఓషన్ గ్రోవ్ పక్కనే ఆస్బరీ పార్కు. అది 1871లో పుట్టిన పట్టణం. 1880 దశకంలో అక్కడి బోర్డువాక్ మీద నల్లజాతివారు తిరగకుండా చేయాలన్న ప్రయత్నాలు జరిగాయి. హోటళ్ళలో వంటలు వండి, గదులు ఊడ్చి ఆ పట్టణాన్ని నిలబెట్టినవారినే సముద్రానికి దూరంగా వుండమన్నారు. నల్లజాతి నాయకులు సభలు పెట్టి నిరసించారు. ఒడ్డు అందరిదీ అన్న 1821 తీర్పు పుస్తకాల్లో వుండగానే ఇదంతా జరిగిందని మరువరాదు.

అదే తీరాన మరికొంత దక్షిణంగా ఏవన్ అనే చిన్న పట్టణం 1970లో, తన ఊరివారికి ఒక రేటు, బయటివారికి అంతకంటే ఎక్కువ రేటు పడేలా బీచి రుసుము నియమం చేసింది. పొరుగునున్న నెప్ట్యూన్ సిటీ దీనిని ప్రశ్నించింది. 1972లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. ఒడ్డు ప్రజలందరి ఉమ్మడి ఆస్తి గనుక, న్యాయమైన రుసుము వసూలు చేసుకోవచ్చు గాని ఊరివారికీ పైవారికీ ఒకటే వుండాలన్నది. ఆధారంగా న్యాయమూర్తులు తిరగేసినవాటిలో రారిటన్ ఆల్చిప్పల తీర్పు ఒకటి. 1984లో బే హెడ్ కేసులో, నీటి అంచు దగ్గరే కాక పైన వున్న పొడి ఇసుక మీద కూడా జనానికి తగిన మేరకు హక్కు వున్నదని అదే కోర్టు చెప్పింది. 2019లో రాష్ట్రం ఈ ధర్మాన్ని చట్టంగా వ్రాసుకొన్నది. బీచి దగ్గర చొక్కాకు తగిలించుకొనే ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, మన చేతిలోనూ ఊరి పెద్ద చేతిలోనూ ఒకే ధరకు వుండటం వెనుక ఇంత కథ వున్నది.

విచిత్రమేమంటే, ఏవన్ తీర్పు వచ్చిన 1972లోనే కాంగ్రెసు గేట్‌వే జాతీయ విహార స్థలాన్ని ఏర్పాటు చేసి శాండీ హుక్‌ను అందులో చేర్చింది. ఒకప్పుడు ఫిరంగులు పరీక్షించిన ఇసుక పిల్లల ఆటస్థలమయింది. అప్పటికి మనవారు ఎడిసన్ చుట్టుపట్ల ఇళ్ళు వెతుక్కొంటున్నారు.

మన రాక – మన బాధ్యత

1917 చట్టం భారతీయుల రాకకు తలుపు మూసివేసింది. 1946లో ఏడాదికి నూరుమందికి సందు దొరికింది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్కు రేవులో స్వేచ్ఛాదేవి విగ్రహం పాదాల దగ్గర సంతకం చేసిన చట్టంతోనే మన తరానికి తలుపు తెరుచుకొన్నది. శాండీ హుక్ దీపస్తంభం రెండు వందల ఏళ్ళుగా ఓడలకు దారి చూపినది ఆ రేవుకే. ఓడలలో వచ్చినవారు మొదట చూసిన నేలలో ఈ తిప్ప ఒకటి. మనవారు విమానాలలో దిగారు గనుక దీనిని ఆ దృష్టితో చూసి వుండరు. అయినా మనం వచ్చిన వాకిలి అదే.

వాకిలి తెరుచుకొన్నా అందరూ ఆదరించారని చెప్పలేము. 1987లో జెర్సీ సిటీలో భారతీయుల మీద జరిగిన దాడులు మన సమాజంలో పెద్దవారికి ఇంకా గుర్తున్నవి. కనుక ఈ నేలమీద ఎవరికి ఎంత హక్కు అన్న ప్రశ్న మనకు పుస్తకాల ప్రశ్న కాదు. ఎయిర్‌షైర్ ఓడ దగ్గర తాడు లాగినవారు, రారిటన్‌లో పడవ వేసిన మండీ, విన్నపం వ్రాసిన కాల్విన్, ఆస్బరీ పార్కులో సభలు పెట్టిన నల్లజాతివారు, 1972లో నియమాన్ని ప్రశ్నించినవారు – వీరందరి పట్టుదల మన దుప్పటి క్రింద వున్నది. మనం ఆ వరుసలో చివర వచ్చి కూర్చున్నాం. వచ్చినవారు తరువాత వచ్చేవారికి చోటిచ్చి, చెత్త ఏరి, ఇసుకలో గూళ్ళు పెట్టే పిట్టల కంచెలు దాటకుండా వుండటం ఆ వరుసకు మనం చెల్లించే రుసుము.

మరొక విషయం కూడా వున్నది. శాండీ హుక్‌లో 1932 నుండి సముద్రమట్టాన్ని కొలుస్తున్నారు. నీరు పెరగటం, నేల కుంగటం రెండూ కలిసి అక్కడ ఏటా సగటున 4 మిల్లీమీటర్ల మేర మట్టం లేస్తున్నది. 2012 అక్టోబరు 29న వచ్చిన శాండీ తుపానులో నీరు పొంగి, కొలిచే సాధనమే పనిచేయకుండా పోయింది. 1864 బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయిన తీరం నుండి వచ్చినవారం మనం. సముద్రాన్ని ప్రేమించటం, దానికి భయపడటం రెండూ మనకు తెలుసు. అందరిదీ అని తేల్చుకోవటానికి ఇన్ని తరాలు పట్టిన ఒడ్డు మన మునిమనుమల నాటికి నీటిక్రింద వుంటే ఆ తీర్పులు ఎవరికి పనికివస్తాయి? ధర్మకర్త మాన్యాన్ని అమ్మకపోవటం ఒక్కటే చాలదు. గట్టు తెగకుండా కూడా చూడాలి.

చివరగా, ఈ వేసవిలో ఒక్కరోజు తీరిక చేసుకొని ఈ దారిన వెళ్ళిరమ్మని మా మనవి. ఉదయం మెన్లో పార్కు గోపురం, పెర్త్ ఆంబాయ్ రేవు. మధ్యాహ్నం శాండీ హుక్ దీపస్తంభం. సాయంత్రం ఓషన్ గ్రోవ్ గుడారాలు చూసి, రాత్రికి పార్క్‌వే మీద 120వ నెంబరు దగ్గర వున్న చీజ్‌క్వేక్ పార్కులో గుడారం వేసుకోవచ్చు. 1940లో తెరిచిన ఆ పార్కులో ఉప్పు పర్ర, మంచినీటి చిత్తడి, పైన్ అడవి పక్కపక్కనే కనిపిస్తాయి. శాండీ హుక్‌లోనూ వేసవిలో గుడారాలకు కొన్ని స్థలాలు వున్నవి; ముందుగా చెప్పి వుంచుకోవాలి. తాతయ్యలు, అమ్మమ్మలు వెంట వుంటే మరీ మంచిది. అంతర్వేది తీర్థం సంగతి వారు చెబుతారు. ఆల్చిప్పల వ్యాజ్యం సంగతి పిల్లలు చెప్పాలి. అవి రెండూ ఒకే నిప్పు చుట్టూ కూర్చొని వినవలసిన కథలు.